కాయకాసిన పెదవి

డాక్టరమ్మ కొత్త తెల్లకోటు వేసుకుని అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ముందుకు చాపింది. వీపు దగ్గర గుడ్డ బిగుసుకుపోయింది. చంకల కింద ముడతలు పడ్డాయి.

"చేతులు పైకి లేవడం లేదు మేస్త్రీ," అంది ఇబ్బందిగా నవ్వుతూ.

కత్తిరింపు బల్ల వెనక నుంచి మేస్త్రి వచ్చి, మెడలో టేపు సర్దుకుని, ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. "మా చెల్లెలు కుట్టు కాస్త లోపలికి పట్టేసిందండీ. విప్పి వదులు చేస్తుంది. అరగంట పని," అన్నాడు.

మిషను దగ్గర కూర్చున్న గుండీలక్క తల ఎత్తలేదు. కుట్టు లోపలికి పట్టలేదు. సుద్దగీత మీద గీతలాగే పడింది. భుజం ముక్కే అరంగుళం తక్కువ తెగింది. గుడ్డ చేతికొచ్చిన రోజే ఆ సంగతి ఆమెకు తెలిసింది. అన్నయ్య కత్తెర తప్పు పోయిన ప్రతిసారీ కొట్టులో ఇదే మాట వినిపిస్తుంది. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు. తల వంచుకుని కుట్టు విప్పుతుంది, ఎక్కడో ఒకచోట దాచిన గుడ్డని బయటికి లాగుతుంది, ఎలాగో ఒంటికి సరిపెడుతుంది.

ఆ కొట్టు ఆస్పత్రికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. డాక్టర్ల కోట్లు, నర్సుల బట్టలు, వార్డుల్లో పరదాలు, అన్నీ ఇక్కడే తయారవుతాయి. మేస్త్రి కత్తిరిస్తాడు. ఆయన భార్య పెద్ద మిషను మీద పొడవు కుట్లు వేస్తుంది. గుండీలు, కాజాలు, అంచులు, ఒంటి మీద సరిచూడటం మాత్రం గుండీలక్క పని. ఆమె కుట్టిన గుండీ ఊడిందని చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. "కోటు చిరిగి పీలికలైనా గుండీ మాత్రం పట్టుకునే ఉంటుంది," అని వార్డు బాయ్‌లు నవ్వుకుంటారు. అలా వచ్చింది ఆ పేరు.

ఆమె లేచి, డబ్బాలోంచి ఆరేడు గుండుసూదులు తీసి, ఎడమవైపు పెదవుల మధ్య వరసగా బిగించుకుంది. కోటు భుజం దగ్గర కుట్టు విప్పుతూ, ఒక్కో సూదీ తీసి గుడ్డకు గుచ్చుతోంది. సూదులు నోట్లో ఉండగానే మాట్లాడటం ఆమెకు అలవాటు. వినేవాళ్ళకీ అలవాటే.

"ఊహిరి హిగహట్టకండి," అంది.

"ఊపిరి బిగబట్టకండి అంటోంది," అని మిషను ఆపకుండానే వదిన అర్థం చెప్పింది.

డాక్టరమ్మ నవ్వింది. ఆమె ఆస్పత్రి రెండో అంతస్తులో ఉంటుంది. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో పెట్టి, పొరలుగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద చూసి ఏ జబ్బో రాయడం ఆమె పని. రోగులు ఆమెను చూడరు, ఆమె రోగుల్ని చూడదు. కాగితం మీద నంబరు, వయసు, ముక్క ఎక్కడిది అన్న ఒక్క మాట. అంతే ఆమెకు తెలిసేది.

బయట అంబులెన్సు గట్టిగా అరిచింది. డాక్టరమ్మ చటుక్కున అటు తిరిగింది. ఆమె మోచెయ్యి వచ్చి గుండీలక్క మూతికి తగిలింది.

"అయ్యో! తగిలిందా అక్కా?"

"హేదు హేదు," అంటూ గుండీలక్క భుజం సర్దుతూనే ఉంది. అంతలో తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. దాని పక్కనే ఇంకోటి. మిగిలిన సూదులు గబగబా చేతిలోకి ఊసుకుని, "వదినా, నీళ్ళు! చన్నీళ్ళు! ఆరిందంటే ఇక పోదు," అని కేకేసింది.

డాక్టరమ్మ కోటు వైపు చూడలేదు. గుండీలక్క మొహం వైపు చూస్తోంది. "అక్కా, కదలకండి," అంది మెల్లగా.

పై పెదవి మీద ఎడమ పక్క ఒక గుండుసూది సగం దాకా దిగి నిటారుగా నిలబడి ఉంది. డాక్టరమ్మ రెండు వేళ్ళతో పట్టి లాగింది. రక్తం సన్నగా కారింది. గుండీలక్క చీరకొంగుతో తుడుచుకుని, మళ్ళీ మరక వైపే చూసింది.

"నొప్పి లేదా?"

"లేదండీ. ఆ పక్క పెదవి కాయకాసింది."

"కాయకాయడం ఏమిటి?"

"ముప్ఫై ఏళ్ళుగా సూదులు పట్టుకుంటుంటే కాయదా మరి? ఇదిగో, ఈ వేలు చూడండి." ఆమె కుడిచేతి చూపుడువేలు చాపింది. వేలి కొన పసుపు రంగు తిరిగి చెక్కలా ఉంది. "ఇందులో సూది దిగినా తెలీదు నాకు. పెదవీ అంతే. ఏడాదిన్నరగా హాయిగా ఉంది. లేకపోతే రోజుకో పోటు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. చెయ్యి తిరిగిన పనివాళ్ళకే కాయలు కాస్తాయి.

డాక్టరమ్మ ఆమెను చేయి పట్టుకుని గుమ్మం దగ్గరి వెలుతురులోకి తీసుకెళ్ళింది. ముక్కుకీ పై పెదవికీ మధ్య, చొక్కా గుండీ అంత మేర, చర్మం లేత పసుపుగా నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కింది. గట్టిగా ఉంది. అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.

"ఇది ఎన్నాళ్ళుగా ఉంది?"

"నాలుగేళ్ళుంటుందేమో. నొప్పీ లేదు, దురదా లేదు. వదిన పోరు పడలేక పోయిన వారమే మీ ఆస్పత్రిలో చర్మం డాక్టరుగారికి చూపించాను. పైపైన కాస్త గీకి పరీక్షకు పంపారు. ఏమీ లేదని వచ్చింది." గుండీలక్క మిషను సొరుగు లాగి, బాబిన్ల కింద నాలుగు మడతల్లో ఉన్న కాగితం తీసి ఇచ్చింది.

డాక్టరమ్మ మడతలు విప్పి చదివింది. నాలుగు లైన్లున్న ఆ కాగితం చదవడానికి అంతసేపు ఎందుకు పట్టిందో వదినకు అర్థం కాలేదు. పెద్ద మిషను ఆగిపోయింది. 'చెమట నాళాల చిన్న కణితి. ప్రమాదం లేనిది.' కింద సంతకం.

"ఈ సంతకం నాదే అక్కా," అంది డాక్టరమ్మ.

"మీదేనా! అయితే ఇంకేం, మనవాళ్ళే చూశారన్నమాట," అని గుండీలక్క సంబరపడింది.

"మొద్దుబారిన సంగతి చర్మం డాక్టరుగారికి చెప్పారా?"

"ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. కాయకాసిందని కూడా డాక్టరుకు చెప్పుకుంటారా ఎవరైనా?"

డాక్టరమ్మ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. మిషను మీద నుంచి దారం ముక్క ఒకటి తెంపి, దాని కొసను కుడి పెదవికి ఆనించింది. "తగిలినప్పుడల్లా ఊ అనండి."

"ఊ." "ఊ." "ఊ."

తరవాత నిశ్శబ్దం. ఎక్కడో సందులో సైకిలు గంట వినిపించింది. గుండీలక్క కళ్ళు మూసుకునే కూర్చుంది. డాక్టరమ్మ ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంది. ఎంతసేపటికీ ఏమీ తగలకపోతే, "కానివ్వండి డాక్టరమ్మా, నేను సిద్ధమే," అని కళ్ళు తెరిచింది.

దారం ఆమె ఎడమ పెదవి మీదే ఉంది. డాక్టరమ్మ చెయ్యి దాన్ని అటూ ఇటూ కదుపుతూనే ఉంది.

గుండీలక్క ఆ దారం వైపు కళ్ళు కిందికి దించి చూసింది. సూది దిగినప్పుడు భయపడని మనిషికి ఇప్పుడు అరచేతుల్లో చెమట పట్టింది.

"కాయ కాస్తే సూదిపోటు తెలియకపోవచ్చు. దారం కూడా తెలియకపోవడం కాయ వల్ల కాదక్కా. లోపల నరాన్ని ఏదో పట్టుకుంది," అంది డాక్టరమ్మ. ఆ వెంటనే, తనలో తను అనుకుంటున్నట్టు కాకుండా, ముగ్గురికీ వినిపించేలా చెప్పింది. "నేను తప్పు రాశాననుకుంటున్నాను."

మేస్త్రి చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. "తప్పంటే?"

"నాకొచ్చిన ముక్క చాలా పలచన. పై పొర చూస్తే మామూలు కణితిలాగే ఉంది. లోపల ఏముందో ఆ ముక్కలో లేదు. మీ భాషలో చెప్పాలంటే, పై గుడ్డ చూసి లైనింగు కూడా బాగుందని రాసేశాను. ఇంకోసారి లోతుగా ముక్క తీయాలి."

"ఏమీ లేదన్నది మీరే, ఉందంటున్నదీ మీరేనా?"

"అవును మేస్త్రీ. రెండూ నేనే."

ముప్ఫై ఏళ్ళ కొట్టులో ఆ చోట నిలబడి, అడక్కుండానే, తప్పు నాదన్న మనిషిని మేస్త్రి చూడలేదు.

*

మర్నాడు పొద్దున కొట్టు తెరవక ముందే అన్నావదినల మధ్య వాదన మొదలైంది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు మేస్త్రి. "నాలుగేళ్ళు నోరు మూసుకుని ఉన్నదాన్ని కెలికి లేపడం ఎందుకు? లోతుగా కోస్తే మూతి వంకర పోతుంది. చెల్లెలి పనంతా మూతితోనే కదా."

"ఏ పుట్టలో ఏ పాముందో మీకేం తెలుసు? డాక్టరమ్మకు పనిలేకా? తప్పు రాశానని ఊరికే చెప్పుకుంటుందా ఎవరైనా? మీరెప్పుడైనా చెప్పారా?"

ఆ చివరి మాటకు మేస్త్రి కత్తెర తుడవడం మొదలుపెట్టాడు. గోడకు తగిలించిన పాత అద్దం ముందు గుండీలక్క దారం కొసతో పెదవి మీద మెల్లగా రాస్తూ నిలబడింది. కుడి పక్క చక్కిలిగింత పుడుతోంది. మధ్య గీత దాటగానే దారం మాయమైపోతోంది. కంటికి కనిపిస్తోంది, ఒంటికి లేదు. ముక్కు పక్కదాకా జరిపింది. అక్కడా లేదు. నిన్నటిదాకా హాయి అనుకున్నది, ఇప్పుడు ఇంట్లోనే తనకు తెలియకుండా ఎవరో కాపురం పెట్టిన గదిలా అనిపించింది.

మూతి వంకర పోతుందన్న భయం ఆమెకూ ఉంది. సూదులు పెట్టుకోకుండా ఆమె పని చేయలేదు. నాలుగు మెతుకులు తినాలన్నా, నలుగురితో మాట్లాడాలన్నా అదే మూతి. అయినా చెప్పులు వేసుకుని రోడ్డు దాటింది. వదిన మిషను మీద గుడ్డ కప్పి వెనకే నడిచింది.

చర్మం డాక్టరుగారి గదిలో అప్పటికే డాక్టరమ్మ నిలబడి ఉంది. కొత్త కోటు కొట్టులోనే ఉండిపోవడంతో, మోచేతుల దగ్గర నలిగిన పాతకోటు వేసుకుంది. కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. డాక్టరుగారు పెద్దాయన. ఆస్పత్రిలో ఆయన మాటకు ఎదురులేదు.

"ల్యాబు వాళ్ళు ల్యాబులో ఉండాలమ్మా," అంటున్నాడాయన. "కుట్టు కొట్టులో కూర్చుని జబ్బులు కనిపెట్టడం ఏమిటి? వారం కిందట ఏమీ లేదని రాసి, నేను ఆ మాటే రోగికి చెప్పి పంపాక, ఇప్పుడు కాదంటే నన్నెవరు నమ్ముతారు?"

"తప్పు నాదే సార్. ముక్క పలచన, ఇంతవరకే చెప్పగలను అని రాయాల్సింది. రాయలేదు."

"ఆమె మొహం మీద మచ్చ పడితే, లోపల ఏమీ లేకపోతే, అప్పుడు?"

"అప్పుడూ తప్పు నాదే సార్."

గుండీలక్క గుమ్మంలో ఆగిపోయింది. ఆ వంచిన తల, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న ఆ చేతులు ఆమెకు బాగా తెలుసు. పలచగా గీకినది ఈయన. మొద్దుబారిందా అని అడగనిదీ ఈయనే. ఆ రెండు మాటలూ డాక్టరమ్మ నోటి దాకా వచ్చే ఉంటాయి. కానీ అనడం లేదు. తన వంతు తప్పు మాత్రమే ఎత్తుకుని నిలబడింది.

డాక్టరుగారు ఆమెను చూసి, "రామ్మా. విన్నావుగా? లోతుగా కోసి చూడాలంటోంది ఈవిడ. నీ ఇష్టం," అన్నాడు.

గుండీలక్క ఎవరి ఎదుటా గట్టిగా మాట్లాడి ఎరగదు. వదిన వైపు చూసింది. వదిన కళ్ళతోనే, చెప్పు అంది.

"కోయండి సారూ," అంది. తరవాత ఇంకో మాట దానంతటదే వచ్చేసింది. "పెదవి మొద్దుబారిందా అని ఆ రోజు మీరు అడిగి ఉంటే మీకే చెప్పేదాన్ని. మీరు అడగలేదు, నాకు చెప్పాలని తెలీలేదు. ఈవిడ మోచెయ్యి తగిలి తెలిసింది. ఆవిణ్ణి ఏమీ అనకండి."

వదిన ఊపిరి బిగబట్టింది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆమె గడ్డం పట్టుకుని, మొహాన్ని దీపం వైపు తిప్పాడు. బల్ల మీద దూది ముక్క తీసి, కొసను సన్నగా నులిమి, ఆమె పెదవి మీద అటూ ఇటూ రాశాడు. చాలాసేపు రాశాడు. "ఇక్కడ? ఇక్కడ కూడా లేదా? ముక్కు పక్కన?" అని ఒక్కొక్క చోటే అడిగాడు.

"నిజమే, నేనే అడగాల్సింది," అన్నాడు చివరికి. ఆ తరవాత నర్సు వైపు తిరిగి, "సరంజామా సిద్ధం చెయ్యి. నేనే తీస్తాను," అన్నాడు. డాక్టరమ్మను వెళ్ళమనలేదు. "ఎంత లోతు కావాలో నువ్వే దగ్గరుండి చెప్పమ్మా," అన్నాడు.

*

ఆరు రోజులు గడిచాయి. పై పెదవి మీద రెండు కుట్లతో గుండీలక్క కొట్టులో కూర్చుని కాజాలు కుడుతోంది. డాక్టరుగారి కుట్లను అద్దంలో పరీక్షగా చూసి, "దూరం దూరంగా వేశారు గానీ, ముడి మాత్రం బాగుంది," అని తీర్పు చెప్పింది.

"ఆయనకి కబురు పంపనా, గుండీలక్క మెచ్చుకుందని?" అంది వదిన.

"పంపు. అంచు కుట్టడం నేర్పుతాను, సాయంత్రం రమ్మను."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వితే కుట్టు లాగుతోంది. సూదులు ఇప్పుడు నోట్లో పెట్టుకోవడానికి లేదు. వదిన పాత రవికెగుడ్డలో దూది కూరి, మణికట్టుకు కట్టుకునే చిన్న దిండు కుట్టి ఇచ్చింది. సూదులన్నీ దానికే గుచ్చుకోవాలి. మొదటి రోజు వందసార్లు మర్చిపోయి చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రతిసారీ వదిన "ఊహూఁ" అంది.

ఆ ఆరు రోజులూ ఆమె మనసులో భయం కంటే ఎక్కువగా ఇంకోటి తిరిగింది. ఆ రోజు అంబులెన్సు ఒక్క నిమిషం ముందు వచ్చి ఉంటే? డాక్టరమ్మ కోటుకు భుజం సరిగ్గా కుదిరి, వేసుకుని వెళ్ళిపోయి ఉంటే? లెక్క వేసుకుంటే అన్నయ్య కత్తెర తప్పుకు కూడా దండం పెట్టాల్సి వస్తోంది. ఆ మాట వదినతో అంటే, "అన్నావంటే ఆయన ఇక అన్నీ తప్పే కత్తిరిస్తారు, నోరు మూసుకో," అంది.

మేస్త్రి మాత్రం ఆ కోటును ముందు పెట్టుకుని ఒక రోజంతా కూర్చున్నాడు. భుజం ముక్కలు రెండూ విప్పేశాడు. కొత్త గుడ్డ పరిచి, టేపు పెట్టి, ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచాడు. కత్తెర పెట్టే ముందు, "ఇది సరేనా చూడు," అని చెల్లెలికి చూపించాడు. అలా అడగడం అదే మొదలు. ఆమె సుద్దగీత వైపు చూసి తల ఊపింది.

ఏడో రోజు కబురొచ్చింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ రెండో అంతస్తుకు వెళ్ళారు. ఆ గదిలో మైనం వాసన, ఘాటుగా మరేదో మందు వాసన. గోడ పొడవునా చిన్న చిన్న అరలు, అరల నిండా అద్దం పలకలు. డాక్టరమ్మ లేచి ఎదురొచ్చింది. కళ్ళ కింద నల్లబడింది.

"కూర్చోండక్కా. ఉంది," అంది. దాచలేదు, చుట్టూ తిప్పలేదు. "అరుదైన రకం. చెమట నాళాల్లో పుడుతుంది. నా చదువులోనూ ఉద్యోగంలోనూ కలిపి ఇది మూడోది. పైకి అమాయకంగా ఉంటుంది. లోపల వేళ్ళు తన్నుకుంటూ నరం వెంబడి పోతుంది. మంచి విషయం ఏమిటంటే, చాలా నెమ్మది. సాధారణంగా ఒంట్లో వేరే చోటికి పాకదు. ఉన్నచోట పూర్తిగా తీసేయగలిగితే చాలు."

మేస్త్రి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. గుండీలక్క మాత్రం, "నేను చూడొచ్చా?" అని అడిగింది.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. రోగులెవరూ అలా అడగలేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చూసే మైక్రోస్కోపు అది. గుండీలక్క కళ్ళు ఆనించింది. మొదట తన కనురెప్పల నీడలే కనిపించాయి. తరవాత ఒక్కసారిగా గులాబీ రంగు మైదానం విచ్చుకుంది. దాని మీద ఊదారంగు దారాలు, సన్నసన్నగా, పొట్టిపొట్టిగా, ఎవరో చేతికొచ్చినట్టు కుట్టి వదిలేసినట్టు.

"పైన ఇలా ఉంది. పోయినసారి నేను చూసింది ఇంతవరకే," అంటూ డాక్టరమ్మ పలకను జరిపింది. దారాలు కిందికి, ఇంకా కిందికి దిగాయి. "ఇప్పుడు బాణం గుర్తు దగ్గర చూడండి. ఆ గుండ్రటిది నరం."

గుండ్రటి దాని చుట్టూ ఊదా గింజలు ఒత్తుగా అంటుకుని ఉన్నాయి.

"కాజా కుట్టినట్టు చుట్టేసింది," అంది గుండీలక్క.

"అవునక్కా. అచ్చం అలాగే," అంది డాక్టరమ్మ. "మీరు చూపించబట్టి చూశాను. లేకపోతే రెండేళ్ళకో మూడేళ్ళకో, కంటి దాకా పోయాక వచ్చేవారు."

"నేనేం చూపించాను? మీరే చూశారు."

మేస్త్రి ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. చంకలో పెట్టుకొచ్చిన పొట్లం విప్పి, ఇస్త్రీ చేసిన కొత్తకోటు బల్ల మీద పెట్టాడు. "డాక్టరమ్మా, ఆ రోజు చెల్లెలి కుట్టు పట్టేసిందన్నాను. కుట్టు కాదు. భుజం నేనే తక్కువ కత్తిరించాను."

గుండీలక్క మైక్రోస్కోపు నుంచి తల ఎత్తింది. ఉంది అన్న మాట విన్నప్పుడు కూడా ఆమె అంత నిర్ఘాంతపోలేదు. అన్నయ్య ఆమె వైపు చూడలేదు. కోటు గుండీలు ఒక్కోటీ పెట్టి తీస్తూ, చేతులకు పని చెప్పుకుంటున్నాడు. డాక్టరమ్మ కోటు తొడుక్కుని రెండు చేతులూ తల మీదికెత్తింది. ఎక్కడా పట్టలేదు.

*

ఆపరేషను నాలుగు రోజుల తరవాత. మత్తు మొహానికి మాత్రమే ఇచ్చారు. గుండీలక్క మెలకువగానే ఉంది. ముందురోజే డాక్టరుగారు అంతా వివరంగా చెప్పాడు. కోసిన ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి, పొరలు తీసి, రంగు వేసి, అంచులన్నీ డాక్టరమ్మ చూస్తుంది. ఏ అంచులోనైనా మిగిలి ఉంటే, ఆ అంచు మాత్రమే ఇంకాస్త కోస్తారు. "పైనుంచి ఆవిడ సరే అనేదాకా నేను కుట్టు వేయను," అన్నాడాయన. ఆ మాట గుండీలక్కకు ధైర్యం ఇచ్చింది. చెప్పింది ఆయన కాబట్టి ఇంకా ఎక్కువ ఇచ్చింది.

తొమ్మిదింటికి మొదటి కోత. మూతికి దూదికట్టుతో ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒకపక్క వదిన, ఒకపక్క అన్నయ్య. కొట్టు మూసేశారు. పనిరోజున కొట్టు మూసి ఉండటం చూసి, వార్డు బాయ్‌లు ఒక్కొక్కరే వచ్చి పలకరించి పోతున్నారు. "గుండీలక్కా, నీకేం కాదు. నువ్వు కుట్టిన కోటు వేసుకుని ఎవరైనా తప్పు చేస్తారా?" అన్నాడొకడు. ఆమె కళ్ళతో నవ్వింది.

గంట దాటింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. డాక్టరమ్మ తనే దిగి వచ్చింది. నర్సుతో కబురు పంపితే సరిపోయేది, అయినా వచ్చింది. "మూడు పక్కలా శుభ్రం. బుగ్గ వైపు మాత్రం ఇంకా ఉందక్కా. అటు కొంచెం తీయాలి," అంది. గుండీలక్క తల ఊపి లేచి లోపలికి నడిచింది.

రెండో కోత. మళ్ళీ బెంచీ. ఈసారి గంటన్నర పట్టింది. మేస్త్రి గోడ మీద టైల్సుని అడ్డంగా, నిలువుగా లెక్కపెట్టాడు. వదిన కొంగు కొసను ముడివేసి విప్పింది, మళ్ళీ వేసింది. మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ మళ్ళీ దిగి వచ్చింది. ఈసారి మెట్ల మీదే తల అడ్డంగా ఊపింది. "నరం దగ్గర ఒక్క చుక్క. ఒక్కటే ఒక్కటి. మామూలుగా అయితే కంటపడదు. నాలుగు పొరలు తిరగేసి చూశాను."

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండీలక్క ఆమె చెయ్యి నొక్కి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

మూడోసారి బెంచీ మీద కూర్చున్నప్పుడు కిటికీలో ఎండ పక్కకు జరిగింది. ఆమెకు నొప్పి లేదు. భయం కూడా పెద్దగా లేదు. పైన ఆ గదిలో ఒక మనిషి మెడ వంచుకుని, పూర్తిగా తన కోసమే, గులాబీ మైదానంలో అంగుళం అంగుళం వెతుకుతోంది. తన ముప్ఫై ఏళ్ళ పనిలో తను ఎన్నో కోట్ల అంచులు అలాగే వెతికింది, ఎక్కడైనా కుట్టు తప్పిందేమోనని. తన కోసం ఎవరైనా అంతగా వెతకడం ఇదే మొదలు.

ఏమని చెప్పాలో ఆమె లోపల్లోపలే కూర్చుకుంది. మీ మేలు మర్చిపోను. కాదు, అది అందరూ అనేదే. మీరు తప్పని చెప్పబట్టి బతికాను. అది ఆమెను నొప్పిస్తుందేమో. మీలాంటి కూతురు... అది మరీ ఎక్కువ. ఒక్కో మాటా కుట్టి, విప్పేసింది.

మెట్ల మీద చప్పుడైంది. ఈసారి పరుగు. డాక్టరమ్మ చివరి మెట్టు దగ్గర ఆగి, ఆయాసంతో మాట రాక, రెండు చేతులూ పైకెత్తింది. తరవాత అంది. "అయిపోయింది. ఎక్కడా లేదు. చుట్టూ శుభ్రం."

మేస్త్రి బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాడు. వదిన వెక్కి వెక్కి ఏడ్చింది. లోపలి నుంచి డాక్టరుగారి గొంతు వినిపించింది. "సరే అందా? అయితే పిలవండి, కుట్టేద్దాం."

బుగ్గ మీది చర్మాన్ని కాస్త జరిపి, గాయాన్ని కప్పి కుట్టారు. గంటన్నర పట్టింది. గుండీలక్క బయటికొచ్చేసరికి ముక్కు కింది నుంచి గడ్డం దాకా తెల్లటి కట్టు. పది రోజులు నోరు తెరిచి మాట్లాడకూడదన్నారు. మూతి ఎంతో కొంత ఒకపక్కకు లాగుతుందనీ, ఆ పక్క స్పర్శ తిరిగి వస్తుందో రాదో చెప్పలేమనీ కూడా అన్నారు. ఆమె తల ఊపింది.

డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. ఎవరూ ఉండమనలేదు. దగ్గరికొచ్చి, ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. "అక్కా, మొదటిసారే నేను సరిగ్గా..." అని మొదలుపెట్టింది.

గుండీలక్క చెయ్యెత్తి ఆపింది. కూర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చి కట్టు దగ్గర ఆగిపోయాయి. అన్నయ్య జేబులోంచి కొలతల పుస్తకం, పెన్సిలు లాక్కుంది. ఖాళీ పేజీ తిప్పి, తొడ మీద పెట్టుకుని, వంకర టింకరగా రాసి చూపించింది.

'పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేరు. మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో.'

డాక్టరమ్మ చదివింది. సగం కట్టులో మునిగిపోయిన ఆ మొహాన్ని చూసింది. మళ్ళీ కాగితం చూసింది. "నా మొహమా?" అంది. నవ్వు వచ్చేసింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది. పాపం, ఏది ముందో తేల్చుకోలేక అరచేత్తో ముక్కు తుడుచుకుని, "లేదక్కా, తినలేదు," అని ఒప్పుకుంది.

గుండీలక్క అన్నయ్య వైపు చూసింది. ఆయన అప్పటికే లేచి, చెప్పులు వెతుక్కుంటున్నాడు.